చదరంగపు గడులలోని సంఖ్య

సంఖ్యను పలుకుట యొకటి, ఎఱుగుట మఱియొకటి. కోటి యను మాటను పసిబిడ్డయు పలుకగలదు. కాని కోటి వస్తువులను వరుసగా లెక్కించిన మనుష్యుడు మన యూళ్లలో నొక్కడైన నుండునా యన్నది సందేహము. సెకండున కొక్కటి చొప్పున నిద్రాహారములు మాని లెక్కించినను, కోటి పూర్తియగుటకు నూటపదునైదు దినములకు పైగా పట్టును. ఇట్లు పలుకుటకు సులభమై, ఎఱుగుటకు కష్టమైన సంఖ్య నొకదానిని పదవ తరగతి బాలికలమగు మేము ఈ సంవత్సరము వెంబడించి పరిచయము చేసికొంటిమి. ఆ పరిచయమువలన మాకు దెలిసిన సంగతులను, తెలియుటకు గల కారణమును సంచిక చదువరులకు నివేదించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఆ సంఖ్య యిది: 18446744073709551615.

ఇందు ఇరువది యంకెలు గలవు. మన కోట్ల లెక్కలో జదువవలెనన్న, లక్షయెనుబదినాలుగువేల నాలుగువందల అరువదియేడు కోట్ల కోట్లు, నలుబదినాలుగు లక్షల యేడువేల మూడువందల డెబ్బది కోట్లు, తొంబదియైదు లక్షల ఏబదియొక్క వేయి ఆరువందల పదునైదు అని చదువవలయును. దీని పుట్టుక మాత్రము మిక్కిలి సామాన్యమైనది. చదరంగపు బల్లపై మొదటి గడిలో నొక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు అరువదినాలుగు గడులను నింపినచో మొత్తము గింజలెన్ని? చదరంగమును కనిపెట్టిన పండితుడు రాజు నడిగిన బహుమానమిది యని కథ. రాజు మొదట నవ్వెననియు, లెక్క తేలిన పిదప నవ్వు మానెననియు జెప్పుదురు. కథ నిజమో కల్పనయో కాని, సంఖ్య మాత్రము నిజము.

ఈ సంఖ్యకును మన తెలుగునకును ప్రాచీనమైన చుట్టరికము కలదు. క్రీస్తుశకము తొమ్మిదవ శతాబ్దిలో మహావీరాచార్యులు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పదునొకండవ శతాబ్దిలో పావులూరి మల్లన తెనిగించెను. చదరంగపు గడుల రెట్టింపు మొత్తమును జెప్పు తెలుగు పద్యమొకటి ఆ మల్లన పేర బ్రసిద్ధిలో నున్నది. అందు అంకెలు లేవు, మాటలే యున్నవి. చంద్రు డొక్కడే గావున శశి యనిన ఒకటి, కన్నులు రెండు గావున నేత్ర మనిన రెండు, అగ్నులు మూడు, వేదములు నాలుగు, మన్మథుని బాణము లైదు, ఋతువు లారు, కులపర్వతము లేడు, దిగ్గజము లెనిమిది, దేహమునందలి రంధ్రములు తొమ్మిది, ఆకాశము శూన్యము. ఇట్టి మాటలను ఒకట్ల స్థానము మొదలుకొని కుడినుండి యెడమకు బేర్చినచో సంఖ్య తయారగును. మాటలు ఛందస్సులో గట్టబడినవి గనుక, ఒకటి జాఱిపోయినచో పద్యమే కుంటువడును. అచ్చుయంత్రము లేని కాలమున, తాళపత్రముల వ్రాతగాండ్ర చేతులు మాఱుచున్నను, ఇరువది యంకెలు చెక్కుచెదరక నిలుచుటకు ఛందస్సే కావలి కాసినది.

మా గణితోపాధ్యాయినిగారు ఈ పద్యమును మాచే జదివించి, అంకెలను రాబట్టించి, "ఇది సరియైనదని మీ కెట్లు తెలియును?" అని యడిగిరి. "పెద్దలు వ్రాసిరి గదా టీచరుగారూ!" అని మాలో నొకతె చెప్పెను. "పెద్దల మాటకు నమస్కారము చేయుడు, పిదప లెక్కవేసి చూడుడు" అని వారి యుత్తరువు. లెక్కించు యంత్రమును ముట్టరాదని యొక నియమమును విధించిరి. ముట్టినను ప్రయోజనము తక్కువ. చేతిలో నిముడు చిన్న యంత్రము ఈ సంఖ్యయొక్క మొదటి కొన్ని యంకెలను జూపి, తక్కినవానిని మ్రింగివేయును.

ఇచ్చట మా చెలి నొకతెను గూర్చి చెప్పవలసియున్నది. పేరు చెప్పుట యామె కిష్టము లేదు. ఆమె మా పాఠశాలకు వచ్చుటకు బూర్వము చదివిన యొక బడిలో ఆమెను మందబుద్ధి యనెడివారట. ప్రశ్న యడిగిన వెంటనే ఉత్తరము చెప్పలేకపోవుటయే యామె చేసిన నేరము. ఆమె ప్రతి మెట్టును రెండు మాఱులు చూచి కాని మూడవ మెట్టున కాలు పెట్టదు. ఆమె తండ్రిగారు బియ్యపు మిల్లులో కాటావద్ద పనిచేయుదురు. పదవ తరగతి ముగిసిన వెంటనే చదువు మాన్పింపవలెనని వారి తలంపు. మందబుద్ధి యను మాట వారి చెవినిబడి యక్కడనే నిలిచిపోయినది. ఈ సంవత్సరము మేము సంఖ్యను వెంబడించుచున్నంతకాలము ఈ విషయము మా మనస్సులలో నుండెను.

లెక్కకు మొదట త్రోవ వెదకితిమి. ఒకటి, రెండు, నాలుగు కూడిన ఏడు. అది ఎనిమిదికంటె నొకటి తక్కువ. ఎనిమిదిని గూడ కలిపిన పదునైదు. అది పదునాఱుకంటె నొకటి తక్కువ. కావున అరువదినాలుగు గడుల మొత్తము, అరువదియైదవ గడి యున్నచో దానిలో నుండవలసిన గింజలకంటె నొకటి తక్కువ. అనగా రెండును అరువదినాలుగు పర్యాయములు గుణించి, ఒకటి తీసివేయవలయును. అరువదినాలుగు గుణకారము లక్కఱలేదు. క్రీస్తుశకము 1000 ప్రాంతమున అల్‌బెరూనీ యను పండితుడు వర్గములు చేయుచు ఇదే సంఖ్యను సాధించెను. రెండు వర్గము నాలుగు. దాని వర్గము 16. దాని వర్గము 256. దాని వర్గము 65536. దాని వర్గము 4294967296. మఱియొక్క వర్గముతో పని ముగియును. ఆఱు గుణకారములే. తుదిదానిలో మాత్రము పదియంకెల సంఖ్యను పదియంకెల సంఖ్యచే గుణింపవలెను. దానిని తెల్లకాగితముపై మెట్లుమెట్లుగా వ్రాసి, నిలువు గీతలు గీచి, కూడితిమి. ఒకటి తీసివేయగా వచ్చిన యిరువది యంకెలును పద్యములోని మాటలతో నొకటొకటిగా సరిపోయినవి. తొమ్మిదివందల యేండ్లనాటి పెద్దలు మా కాగితముపైకి వచ్చి తల యూచినట్లు తోచినది.

ఒక ఆదివారము చెలి తండ్రిగారు ఆమెను చూచుటకు వచ్చిరి. ఆమె కాగితమును జూపి సంగతి వివరించెను. ఆయన శ్రద్ధగా విని, "బాగున్నదమ్మా, ఈ లెక్కవలన ఎవరి కడుపు నిండును?" అని యడిగిరి. ఆ ప్రశ్నలో నెగతాళి లేదు. కడుపులను నింపుట కష్టమని యెఱిగినవారి ప్రశ్న యది. చెలి, "నాయనా, వేయి బియ్యపు గింజలు ఎంత తూగునో మీ మిల్లులో తూచి చెప్పెదరా?" అని మాత్ర మడిగెను. మఱుసటి మాఱు వచ్చినప్పుడు ఆయన చీటీపై వ్రాసి తెచ్చిరి. వేయి గింజలు స్వయముగా లెక్కపెట్టి తూచిరట: ఇరువది గ్రాములు, కొంచె మటునిటుగా. ఆ లెక్కను చదరంగపు బల్లపై గింజలు సుమారు 36,900 కోట్ల టన్నులు తూగును. ప్రపంచమంతయు ఒక సంవత్సరమున పండించు బియ్యము ఇంచుమించు ఏబది కోట్ల టన్నులు. అనగా లోకములోని ప్రతి పొలము ఏడువందల సంవత్సరములకు పైగా పండి, ఒక్క గింజయు నెవ్వరును తినకున్న గాని, ఆ పండితుని ఋణము తీఱదు. ఆయన చీటీని మఱల చేతిలోనికి దీసికొని చాలసేపు చూచిరి.

సంఖ్యయొక్క పరిమాణ మట్లు తెలిసినది. కాని పరిమాణము తెలియుట యొక మనుష్యుని పొడవు తెలియుటవంటిది. గుణము తెలియవలెనన్న లోనికి బోవలయును. సంఖ్యకు లోపలి గుణమనగా దాని కారణాంకములు, అనగా దానిని శేషము లేకుండ భాగించు ప్రధాన సంఖ్యలు. ఇరువది యంకెల సంఖ్యను విడగొట్టుట మామూలుగా భయంకరమైన పని. ఇది మాత్రము తన తాళపుచెవిని తానే ద్వారమున వ్రేలాడదీసికొని యున్నది. పది వర్గము నూఱు. ఒకటి తీసిన తొంబదితొమ్మిది. అది పదునొకండు తొమ్ములు. ఏ వర్గమునుండి యైనను ఒకటి తీసివేసినచో, మూలమునకు ఒకటి కలిపినదియు, ఒకటి తీసినదియు గుణించిన ఫలము వచ్చును. మా సంఖ్య 4294967296 యొక్క వర్గముకంటె ఒకటి తక్కువ. కావున అది 4294967297, 4294967295 అను రెంటి లబ్ధము. రెండవది 65536 వర్గముకంటె ఒకటి తక్కువ. కావున 65537, 65535 అను రెండయినది. 65535 విడిపోయి 257, 255. 255 విడిపోయి 17, 15. 15 విడిపోయి 5, 3. అరటిదూటపొరలవలె ఒకదానిలో నొకటి విడి, తుదకు 3, 5, 17, 257, 65537, 4294967297 అను ఆఱు సంఖ్యలు మిగిలినవి.

ఈ ఆఱింటికి నొక వింత గుణము కలదు. ప్రతి సంఖ్యయు తనకు ముందున్న వానినన్నిటిని గుణించి రెండు కలిపినంత. మూడునకు రెండు కలిపిన ఐదు. మూడైదుల పదునైదునకు రెండు కలిపిన పదునేడు. 255కు రెండు కలిపిన 257. కావున వీనిలో నే రెంటికిని ఉమ్మడి కారణాంక ముండదు. ఉన్నచో నది రెండును గూడ భాగింపవలెను, ఇవియో అన్నియు బేసి సంఖ్యలు. ఈ వరుసను ఎంత దూరము పొడిగించినను ప్రతి సంఖ్యయు క్రొత్త ప్రధాన సంఖ్యనొకదానిని తెచ్చును. అందువలన ప్రధాన సంఖ్యలకు అంతము లేదని తేలును. ఈ సంగతిని గోల్డ్‌బాఖు అను గణితజ్ఞుడు 1730లో ఆయిలరునకు లేఖ వ్రాసెను.

ఆ వరుసను మొదట ప్రసిద్ధికి దెచ్చినవాడు ఫ్రాన్సు దేశీయుడగు ఫెర్మా. ఆయన వృత్తి తూలూజు నగరపు న్యాయస్థానములో; గణితము విరామకాలపు పని. అయినను ఆ శతాబ్దిలో సంఖ్యల మర్మము నాయనవలె నెఱిగినవారు లేరు. 3, 5, 17, 257, 65537 అను నైదును ప్రధాన సంఖ్యలే. దీనిని జూచి 1640లో ఫెర్మా, ఈ వరుసలోని సంఖ్యలన్నియు ప్రధాన సంఖ్యలే యని తన నమ్మకముగా మిత్రులకు వ్రాసెను. నిరూపణము తన కింకను దొరకలేదని యొప్పుకొనెను గాని, నమ్మకము సడలలేదు. ఇంచుమించు తొంబది సంవత్సరములు ఆ మాట యట్లే నిలిచెను. 1729లో గోల్డ్‌బాఖు ఆయిలరును ఈ విషయమై యడిగెను. అప్పు డాయిలరునకు ఇరువదిరెండేండ్ల ప్రాయము. 1732లో ఆయన, ఆఱవ సంఖ్యయగు 4294967297 ప్రధాన సంఖ్య కాదనియు, దానిని 641 శేషము లేకుండ భాగించుననియు వెల్లడించెను.

ఇన్ని సంఖ్యలలో 641 ఎట్లు దొరకెను? 4294967297 యొక్క వర్గమూలము 65536కు మిక్కిలి దగ్గఱ. అంతలోపల 6542 ప్రధాన సంఖ్యలున్నవి. ఒక్కొక్కదానిచే భాగించుచు బోయిన వేసవి సెలవులు చాలవు. ఆయిలరు పిమ్మట ప్రకటించిన సూత్రమొకటి త్రోవను కుదించును. ఈ సంఖ్యను భాగింపగల ప్రధాన సంఖ్య యేదైనను, దానిని 64చే భాగించినప్పుడు శేషము ఒకటి రావలెను. అట్టివి మొదటినుండి చూడగా 193, 257, 449, 577, 641. పరీక్షింపవలసినవి ఐదే. శేషము లెట్లు కనుగొనవలెనో మా చెలి నల్లబల్లపై జూపెను. పెద్ద సంఖ్యను ముట్టనే యక్కఱలేదు. 256ను వర్గము చేసిన 65536. దానిని 641చే భాగించిన శేషము 154. ఆ 154నే వర్గము చేసిన 23716. 641ని 37చే గుణించిన 23717. ఒక్కటి తక్కువ! కావున రెండును ముప్పదిరెండు పర్యాయములు గుణించిన ఫలమునకు ఒకటి కలిపినచో 641కి లొంగును. అంతే. నాలుగు పంక్తుల లెక్క. తక్కిన నాల్గింటిని గూడ ఆమె విడువలేదు. 193తో శేషము 109, 257తో 2, 449తో 325, 577తో 288. తరగతియంతయు నిశ్శబ్దముగా జూచుచుండెను. త్వరగా జెప్పువారమని పేరు పడిన మేము ఆ దినమున నామె సుద్దముక్క వెంట నడచితిమి.

641చే భాగింపగా వచ్చినది 6700417. ఇది యింకను విడునా? ఇక్కడ 1878లో లూకా అను ఫ్రెంచి గణితజ్ఞుడు చూపిన సవరణ తోడ్పడును. 64 కాదు, 128చే భాగించినను శేషము ఒకటి రావలెనట. 6700417 యొక్క వర్గమూలము 2589 లోపల నున్నది. అంతలో అట్టి ప్రధాన సంఖ్యలు 257, 641, 769, 1153, 1409 మాత్రమే. 257 ఈ వరుసలోనే వేఱొక సంఖ్య గనుక, దానికి దీనితో పొత్తు లేదని ముందే తేలినది. మిగిలిన నాల్గింటిచే మేమే భాగించితిమి. శేషములు వరుసగా 44, 120, 334, 622. శూన్యము రాలేదు గావున 6700417 ప్రధాన సంఖ్యయే. ఇట్లు చదరంగపు సంఖ్య సంపూర్ణముగా విడినది: 3, 5, 17, 257, 641, 65537, 6700417 అను నేడు ప్రధాన సంఖ్యల లబ్ధ మది. ఏదియు రెండు మాఱులు రాలేదు. కావున దానిని శేషము లేకుండ భాగించు సంఖ్యలు సరిగా 128. గడుల సంఖ్యకు అది రెట్టింపు!

ఈ కారణాంకముల చరిత్రలో మఱి రెండు మూడు సంగతులు మాకు మిక్కిలి ప్రియమైనవి. 1796లో గౌసు అను జర్మను విద్యార్థి, ఇంకను పందొమ్మిది యేండ్లు నిండకమునుపే, కొలతలు లేని బద్దతోను వృత్తలేఖినితోను పదునేడు సమభుజముల బొమ్మను గీయవచ్చునని కనుగొనెను. గ్రీకుల కాలమునుండి రెండువేల సంవత్సరములు ఎవ్వరికిని తట్టని సంగతి యిది. భుజముల సంఖ్య బేసియైనప్పుడు, అట్లు గీయదగిన బొమ్మలు ఈ వరుసలోని వేర్వేఱు ప్రధాన సంఖ్యల లబ్ధములతోనే యేర్పడునని పిదప తేలినది. హెర్మెస్ అను మఱియొక జర్మనుడు 65537 భుజముల బొమ్మను గీయు విధానమునకై పదియేండ్లకు పైగా శ్రమించి 1894లో ముగించెను. మా సంఖ్యకు రెండు కలిపినచో ఈ వరుసలో తరువాతి సంఖ్యయగు 18446744073709551617 వచ్చును. దానికి మా సంఖ్యవలె ద్వారమున తాళపుచెవి లేదు. 1880లో లాండ్రీ యను ఫ్రెంచివాడు తన యెనుబదిరెండవ యేట దానిని 274177, 67280421310721 అని రెండుగా విడగొట్టెను. పందొమ్మిదేండ్ల లోపువాడును, ఎనుబదిరెండేండ్లవాడును ఒకే వరుసయందు పనిచేసిరి. సంఖ్యలు వయస్సు నడుగవు.

ప్రయోజనము మాటయు జెప్పవలెను. ఏలయన, తల్లిదండ్రులు న్యాయముగా నడుగు ప్రశ్న యది. నేటి కంప్యూటరులలో పెక్కు అరువదినాలుగు స్థానముల లెక్కతో పనిచేయును; ఒక్కొక్క స్థానమున సున్నయో ఒకటియో యుండును. అన్నిటను ఒకటి నింపినప్పుడు వచ్చు సంఖ్య మా చదరంగపు సంఖ్యయే. బ్యాంకులలోను ఉత్తరప్రత్యుత్తరములలోను రహస్యమును కాపాడు పద్ధతులలో నొకటి 1977లో రివెస్టు, షమీరు, ఆడిల్‌మన్ అను మువ్వురు కల్పించినది. రెండు గొప్ప ప్రధాన సంఖ్యలను గుణించుట సులభము, లబ్ధమునుండి వానిని మఱల రాబట్టుట దుర్ఘటము అను నొక్క సంగతిపై నది నిలిచియున్నది. ఎవరి కడుపు నిండునని యడిగిన పెద్దమనిషికి మా యుత్తరము, బియ్యము కొనుటకు బ్యాంకు ద్వారా పంపిన రూపాయి దొంగల చేతబడకుండుటకు ఇట్టి లెక్కలే కావలి కాయవచ్చునని.

ఇంతకంటె ముఖ్యమైన సంగతి ఫెర్మా చరిత్రలో నున్నది. ఆయన మహానుభావుడు, ఆయన యూహ తప్పినందున ఆయన ఘనత తగ్గలేదు. కాని ఆయన చూచినవి ఐదు. ఐదును సరియైనవి గనుక ఆఱవదియు, దాని తరువాత ననంతముగా వచ్చునవియు నట్లే యుండునని తలచెను. నేటివఱకు ఐదవదాని తరువాత ఈ వరుసలో ఒక్క ప్రధాన సంఖ్యయు దొరకలేదు. ఆఱవదినుండి ముప్పదిమూడవదానివఱకు చూచినవన్నియు విడిపోవునవే యని నిరూపింపబడినది. ఆ తరువాతివానిలో పెక్కింటి సంగతి యింకను తేలలేదు. ఐదింటిని జూచి యనంతమును నిర్ణయించుట యెంత ప్రమాదమో ఇంతకంటె స్పష్టమైన నిదర్శనము మాకు గనబడలేదు.

మనుష్యుల విషయమున మనము ప్రతిదినమును చేయుచున్న పని యిదియే గదా! ఒక బిడ్డ ఐదు ప్రశ్నలకు తడబడినచో, ఆమె ముందున్న యేండ్లన్నియు తడబాటే యని తీర్పు చెప్పుదుము. చెప్పినవారు పెద్దవారైనచో, ఆ తీర్పు నిరూపణము లేకయే తొంబది సంవత్సరములు నిలుచును. ఆఱవ ప్రశ్న నడుగువారుండరు. మా చెలి మందబుద్ధి కాదు. ఒక్కొక్క మెట్టును రెండు మాఱులు చూచు స్వభావమే నల్లబల్లపై 641ని మాకు తెచ్చి యిచ్చినది. నిజముగా జూచిన, ఆ స్వభావమే గణితము. త్వరగా జెప్పుట గణితములో నొక యలంకారము మాత్రమే.

ఆమె చదువు సంగతి యీ వ్యాసము వ్రాయునాటికి తేలలేదు. తండ్రిగారు మునుపటివలె వద్దని యనుటలేదు, సరే యనియు ననలేదు. క్రిందటి మాఱు వచ్చినప్పుడు మాత్రము, వేయి గింజలను మఱియొక రకపు బియ్యముతో తూచి క్రొత్త చీటీ తెచ్చిరి. "మొన్నటిది ఒక్క రకమే గదా తల్లీ, ఒక్కదానిని నమ్మి యెట్లు చెప్పగలము?" అని వారు కుమార్తెతో ననిన మాట మా చెవుల బడినది. ఆ మాటను ఆయన బియ్యమును గూర్చి యనిరి.

తల్లిదండ్రులారా, మేము చిన్నవారము. పెద్దలకు బుద్ధి చెప్పదగినవారము కాము. మా విన్నప మొక్కటే. మీ యింటి బిడ్డను గూర్చి ఎవరేమి యన్నను, వారు ఎన్ని సంగతులను జూచి యనిరో యడుగుడు. పిమ్మట, 4294967297ను ఆయిలరు పరీక్షించినట్లు, ఇంకొక్కటి పరీక్షింపుడు. తోటి విద్యార్థులారా, సెలవులలో నొక దినమున 256ను వర్గము చేసి 641చే భాగింపుడు. శేషమును మఱల వర్గము చేయుడు. నాలుగు పంక్తులు వ్రాయుటకు గడియ పట్టదు. ఆ పిదప ఈ సంగతి మీకు మా మాటవలన గాక, మీ చేతివలన దెలిసినదగును.